వృత్తి పన్ను: యజమాని నమోదు (వికారాబాద్, తాండూరు)

జీతాలిచ్చే వ్యాపారి గానీ సంస్థ గానీ తన ఉద్యోగుల జీతాల్లోంచి రాష్ట్ర వృత్తి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడానికి తెలంగాణ వాణిజ్య పన్నుల శాఖ దగ్గర పేరు రాయించుకోవడాన్ని యజమాని నమోదు అంటారు. జీతాల మీద రాష్ట్రం నేరుగా వేసే పన్ను తెలంగాణలో ఇదొక్కటే. ఆదాయపు పన్ను, భవిష్య నిధి, ఈఎస్‌ఐ మూడూ కేంద్ర చట్టాల కిందివి. జీతం చీటీ మీద ‘పీటీ’ అని కనిపించే 150 లేదా 200 రూపాయల కోత ఈ పన్నుదే. పన్ను ఉద్యోగిది, పూచీ యజమానిది. వికారాబాద్ జిల్లాలో, ముఖ్యంగా తాండూరు బండల వ్యాపారంలో, ‘యజమాని ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరకదు. ఈ పన్ను విషయంలో వచ్చే చిక్కుల్లో చాలాభాగం అక్కడే మొదలవుతాయి.

పూర్వరంగం

చేతివృత్తుల మీద, అంగళ్ల మీద పన్ను వేయడం ఈ నేలకు కొత్త కాదు. మగ్గానికి ఇంత, గానుగకు ఇంత అని పాలకులు వసూలు చేసిన కాలాలున్నాయి. ఆంధ్ర జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో మొతర్ఫా అనే పేరుతో అలాంటి పన్నే పందొమ్మిదో శతాబ్దం నడిమిదాకా సాగింది. ఇప్పుడున్న పన్నుకు ఆధారం మాత్రం రాజ్యాంగం 276వ అధికరణం. ఆదాయం మీద పన్ను వేసే హక్కు కేంద్రానిది కదా, రాష్ట్రం జీతాల మీద ఎలా వేస్తుందన్న అభ్యంతరానికి ఈ అధికరణమే జవాబు. వృత్తి, వ్యాపారం, ఉద్యోగాల మీద రాష్ట్రం వేసే పన్ను ఆదాయానికి సంబంధించిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని అది చెబుతుంది. అయితే ఆ అధికారానికి ఒక పరిమితి కూడా పెట్టింది. ఒక మనిషి నుంచి ఏడాదికి 250 రూపాయలకు మించి తీసుకోకూడదని 1950లో నిర్ణయించారు. 1988లో వచ్చిన 60వ సవరణ దాన్ని 2,500 చేసింది. అప్పటి నుంచి ఆ అంకె కదల్లేదు. పద్నాలుగో ఆర్థిక సంఘం దాన్ని 12,000కు పెంచమని సిఫారసు చేసినా రాజ్యాంగ సవరణ జరగలేదు. 1988లో 2,500 రూపాయలు చాలామందికి ఒక నెల జీతం కంటే ఎక్కువ. ఇవాళ ఆ డబ్బుతో ఒక కుటుంబానికి నెల సరుకులు రావడం కష్టం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం ఈ పన్ను పంచాయతీలు, మున్సిపాలిటీల చేతిలో ఉండేది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన 1987 నాటి 22వ చట్టం దాన్ని రాష్ట్రం చేతికి తెచ్చి, వసూలు బాధ్యతను వాణిజ్య పన్నుల శాఖకు అప్పగించింది. వచ్చిన సొమ్ములో స్థానిక సంస్థలకు వాటా ఇచ్చే ఏర్పాటు చట్టంలోనే ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఈ చట్టాన్ని తనకు అన్వయించుకుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి అమ్మకం పన్నులను ఒక్కటి చేసినా వృత్తి పన్ను అందులో కలవలేదు. అది వస్తువుల మీద వేసేది కాదు, మనిషి చేసే పని మీద వేసేది. జీఎస్టీ నంబరు ఉంది కాబట్టి అన్నీ ఉన్నట్టేనని అనుకునే దుకాణదారులు ఇప్పటికీ కనిపిస్తారు. శాఖ ఒక్కటే అయినా ఈ రెండు నమోదులూ వేర్వేరు.

పన్ను ఎంత

ఉద్యోగుల విషయంలో ఇప్పటి రేట్లు 2013 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం ఇచ్చిన 82వ నంబరు ఉత్తర్వు నుంచి వచ్చినవి. నెల జీతం 15,000 దాకా ఉంటే ఏమీ లేదు. 15,001 నుంచి 20,000 దాకా నెలకు 150, ఆ పైన ఎంతున్నా నెలకు 200. అంటే లక్ష జీతగాడూ ఇరవై ఒక్క వేల జీతగాడూ ఏడాదికి కట్టేది ఒకటే, 2,400 రూపాయలు. రాజ్యాంగం విధించిన పరిమితికి ఇది వంద తక్కువ.

లెక్కకు వచ్చేది చేతికొచ్చే డబ్బు కాదు, కోతలకు ముందున్న మొత్తం. మూల వేతనం, కరువు భత్యం, క్రమంగా వచ్చే ఇతర భత్యాలు అన్నీ కలుపుతారు. బయానాగా ముందే తీసుకున్న డబ్బును నెలనెలా జీతంలో పట్టుకునే అలవాటు తాండూరు గనుల్లో, పాలిష్ యూనిట్లలో పాతదే. ఆ పట్టివేత తర్వాత మిగిలింది 13,000 అయినా, అసలు జీతం 16,000 అయితే పన్ను 150 పడుతుంది.

ఈ రేట్లలో ఒక వంకర ఉంది. పద్నాలుగు వేల తొమ్మిది వందల జీతగాడికి రెండు వందలు పెంచితే, పెరిగిన దాంట్లో ముప్పావు వంతు పన్నుకే పోతుంది. చిన్న జీతాల దగ్గర ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే జీతాన్ని సరిగ్గా 15,000 దగ్గర ఆపి, మిగతాది వేరే పేరుతో చేతికిచ్చే పద్ధతి పుట్టింది. క్రమంగా ఇచ్చేదేదైనా జీతంలో భాగమేనని చట్టం అంటుంది కాబట్టి, తనిఖీలో ఆ లెక్క నిలవదు.

రెండు పత్రాలు

ఈ చట్టం కింద రెండు రకాల పత్రాలున్నాయి. ఒకటి రిజిస్ట్రేషన్, ఇంకొకటి ఎన్‌రోల్‌మెంట్. యజమానిగా ఉద్యోగుల తరఫున పన్ను కట్టడానికి తీసుకునేది మొదటిది. తన సొంత వృత్తికి లేదా వ్యాపారానికి తానే కట్టుకునే పన్ను కోసం రెండోది. ఒక డాక్టరు సొంత క్లినిక్ పెట్టి ఇద్దరు నర్సులకు 18,000 చొప్పున ఇస్తుంటే ఆయనకు రెండూ కావాలి. నర్సుల కోసం రిజిస్ట్రేషన్, తన ప్రాక్టీసు కోసం ఎన్‌రోల్‌మెంట్. మొదటిదాని పన్ను నెలనెలా, రెండోదాని పన్ను ఏడాదికోసారి, మామూలుగా జూన్ 30లోగా కట్టాలి. చాలామంది ఒకటి తీసుకుని రెండోది మరచిపోతారు. మరచింది ఏదన్నది తాఖీదు వచ్చాకే తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ కోసం ఒకటో నంబరు ఫారం, ఎన్‌రోల్‌మెంట్ కోసం రెండో నంబరు ఫారం. జీతం 15,000 దాటే ఉద్యోగి ఒక్కరున్నా యజమానికి బాధ్యత పుడుతుంది. అలా పుట్టిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. అందరి జీతాలూ 15,000 లోపే ఉంటే కోయాల్సిన పన్నే ఉండదు గనుక రిజిస్ట్రేషన్ అవసరం అప్పటికి రాదు. సంస్థ తన తరఫున కట్టుకోవాల్సిన ఎన్‌రోల్‌మెంట్ పన్ను లెక్క మాత్రం దీనితో సంబంధం లేకుండా విడిగా చూసుకోవాలి.

దరఖాస్తు

ఇప్పుడు దరఖాస్తు వాణిజ్య పన్నుల శాఖ వెబ్‌సైటులోనే చేస్తారు. పాన్, ఆధార్, సంస్థ చిరునామాకు రుజువు (సొంత స్థలమైతే పన్ను రసీదు, అద్దెదైతే కిరాయి పత్రం), భాగస్వామ్యమైతే భాగస్వామ్య ఒప్పందం, కంపెనీ అయితే కంపెనీ నమోదు పత్రం, ఉద్యోగుల పేర్లు జీతాలతో జాబితా, బ్యాంకు వివరాలు దగ్గరుంచుకోవాలి. అందులో డివిజన్, సర్కిల్ ఎంచుకోమంటారు. పని జరిగే చోటు ఏ సర్కిల్ పరిధిలోకి వస్తుందన్నది చూడాలి గానీ యజమాని ఇల్లు ఎక్కడుందన్నది కాదు. హైదరాబాద్‌లో ఉంటూ తాండూరులో మిల్లు నడిపేవారు ఈ చోట తికమకపడతారు.

పత్రాలు సరిగ్గా ఉంటే పీటీఐఎన్ అనే నంబరుతో ధ్రువపత్రం వస్తుంది. ఆ తర్వాత చలానాల మీద, రిటర్నుల మీద, శాఖతో ఉత్తరప్రత్యుత్తరాల్లో ఈ నంబరే వాడాలి. ధ్రువపత్రాన్ని వ్యాపార స్థలంలో గోడకు తగిలించడం ఆచారం. జీఎస్టీ పత్రం పక్కనే ఇదీ వేలాడుతుంటే తనిఖీకి వచ్చినవారి మొదటి ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

నెలనెలా పని

నమోదు ఒక్కసారి అయిపోతుంది. ఆ తర్వాతి పని ప్రతి నెలా ఉంటుంది. జీతాలిచ్చేటప్పుడే పన్ను కోసి, తర్వాతి నెల 10వ తేదీలోగా ఆన్‌లైన్‌లో చలానా కట్టి, అయిదో నంబరు ఫారంలో రిటర్ను వేయాలి. ఆ ఫారంలో ఏ వర్గంలో ఎంతమంది, ఒక్కొక్కరికి ఎంత, మొత్తం ఎంత అన్నవి రాస్తారు. జీతాల రిజిస్టరులో ఉన్న సంఖ్యలూ ఫారంలో ఉన్నవీ సరిపోవాలి. ఏడాది చివర ఆదాయపు పన్ను రిటర్నులో జీతాల ఖర్చు ఒకరకంగా, ఇక్కడ మరోరకంగా చూపిస్తే ఎప్పుడో ఒకప్పుడు ప్రశ్న రాక తప్పదు. ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఈ కోత మినహాయింపుగా దక్కుతుంది. కొత్త విధానంలో అది లేదు.

యజమానులు సరిగ్గా అర్థం చేసుకోని నిబంధన ఇంకొకటుంది. జీతంలోంచి పన్ను కోశారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ సొమ్ము కట్టే బాధ్యత యజమానిదేనని చట్టం చెబుతుంది. దీని బరువు లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. పదహారు వేల చొప్పున పది మందికి జీతాలిచ్చే యూనిట్ నెలకు కట్టాల్సింది 1,500, ఏడాదికి 18,000. మూడేళ్లు నమోదు లేకుండా గడిపితే అసలే 54,000 అవుతుంది. దాని మీద వడ్డీ, ఆలస్యానికి జరిమానా అదనం. ఆ పది మందిలో సగం మంది ఈలోగా వెళ్లిపోయి ఉంటారు. వెళ్లిపోయినవాడి పాత జీతంలోంచి ఇప్పుడు కోయడం కుదరదు కాబట్టి ఆ డబ్బు యజమాని జేబులోంచే పోతుంది. నెలకు నూటయాభై అని తేలిగ్గా తీసుకున్నది ఇలా మీద పడుతుంది.

తాండూరు బండలు

తాండూరు పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి నీలం, పసుపు నాపరాళ్లు. ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ చుట్టుపక్కల గనుల్లోంచి తీసిన రాయి పట్టణంలోని పాలిష్ యూనిట్లలో నునుపుదేరి దేశమంతా ఇళ్ల కింద పరుచుకుంటుంది. అదే సున్నపురాయి ఆధారంగా సిమెంట్ కర్మాగారాలు వచ్చాయి. కరన్‌కోట్‌లో ప్రభుత్వ రంగంలోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ ఉంది. ప్రైవేటు సిమెంట్ కంపెనీల ఫ్యాక్టరీలూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఇవి కాక కందిపప్పు మిల్లులు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చాక మిల్లుల పేరూ కొంత పెరిగింది.

సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఈ పన్ను గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. జీతాల విభాగం ఉంది, కంప్యూటరే కోస్తుంది, చలానా వెళ్తుంది. చిక్కంతా బండల దగ్గర. గని లీజు ఒకరి పేరు మీద ఉంటుంది. రాయి తీయించేది గుత్తా తీసుకున్న ఇంకొకరు. కూలీలను తెచ్చి పని చేయించేది మేస్త్రీ. పాలిష్ యూనిట్‌లో మిషన్ల మీద పనిచేసేవారికి నెల జీతం కాక చదరపు అడుగుకు ఇంత అని లెక్క. లోడింగ్ హమాలీలకు లారీకి ఇంత. వీళ్లలో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చి కొన్ని నెలలు పనిచేసి ఊరెళ్లి మళ్లీ వస్తారు.

ఇక్కడ యజమాని ఎవరు? జీతం లేదా కూలి పంచే బాధ్యత ఎవరిదో ఆ మనిషే యజమాని అని చట్టం నిర్వచనం. సంస్థ అధిపతి, మేనేజరు, ఏజెంటు కూడా అందులోకి వస్తారు. కాబట్టి గుత్తేదారు తన పేరున ముఠాను పెట్టుకుని తానే క్రమంగా కూలి ఇస్తుంటే అతనే యజమాని. యూనిట్ ఓనరే నేరుగా వారం వారం లెక్క తేల్చి ఇస్తుంటే ఓనరు. మధ్యలో మేస్త్రీ డబ్బు పంచడానికి చేయి మాత్రమే అయితే, అతను యజమాని కాడు. లెక్క రాసే గుమాస్తా నోటు పుస్తకంలో డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందో, కూలివాడి పేరు ఎవరి హాజరు పుస్తకంలో ఉందో, తగువు వస్తే అవే సాక్ష్యాలు.

అడుగుల లెక్కన పనిచేసేవారి రాబడి నెలనెలా మారుతుంది. గిరాకీ ఉన్న నెలలో 19,000, వానాకాలంలో గనుల్లో నీళ్లు నిలిచిన నెలలో 11,000. ఈ పన్ను ఏడాది సగటు మీద కాక నెల రాబడి మీద పడుతుంది కనుక, ఒకే మనిషికి ఒక నెల పన్ను ఉండి మరో నెల ఉండకపోవచ్చు. ఈ లెక్క సరిగ్గా రాసే యూనిట్లు కొన్నే. మిగతా చోట్ల అందరినీ 15,000 లోపు చూపించడం తేలికైన దారి అయింది. కూలివాడికి తాత్కాలికంగా అది లాభంలానే కనపడుతుంది. కానీ బ్యాంకులో అప్పు అడిగినప్పుడు, ప్రమాదం జరిగి పరిహారం లెక్క కట్టినప్పుడు కాగితం మీది ఆ తక్కువ జీతమే అతనికి అడ్డొస్తుంది. నెలకు నూటయాభై మిగిల్చినందుకు అది చిన్న నష్టం కాదు.

వికారాబాద్

వికారాబాద్ పరిస్థితి వేరు. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడిపోయి జిల్లా అయ్యాక ఇక్కడ కలెక్టరేటు, జిల్లా కార్యాలయాలు, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. ప్రభుత్వోద్యోగుల పన్నును జీతాల బిల్లు తయారుచేసే అధికారి బిల్లులోనే కోస్తారు. వారికి నమోదు గొడవ లేదు. రైల్వే జంక్షన్‌లోని కేంద్ర ఉద్యోగులకూ కోత ఉంటుంది.

నమోదు అవసరమయ్యేది ప్రైవేటు బడులు, ఆసుపత్రులు, షోరూములు, అనంతగిరి చుట్టూ పుట్టుకొచ్చిన రిసార్టులకు. రిసార్టుల్లో వారాంతం గిరాకీ కోసం పెట్టుకునే రోజుకూలీలు, ఏజెన్సీ ద్వారా వచ్చే కాపలాదారులు ఉంటారు. ఏజెన్సీ జీతమిచ్చే కాపలాదారు పన్ను ఏజెన్సీది. రిసార్టు తానే జీతమిచ్చే వంటమనిషి పన్ను రిసార్టుది. ప్రైవేటు బడుల్లో చాలామంది టీచర్ల జీతాలు 15,000 లోపే కాబట్టి కోతే పడదు. అక్కడ మాట్లాడాల్సింది పన్ను గురించి కాదు, ఆ జీతాల గురించి.

సరిహద్దు అవతల

తాండూరు దాటి బషీరాబాద్ వైపు వెళ్తే కర్ణాటక వచ్చేస్తుంది. సేడం, చించోళి ప్రాంతాల నుంచి ఇటు, ఇక్కడి నుంచి అటు పనికి వెళ్లేవారున్నారు. ఈ పన్ను నివాసాన్ని బట్టి కాక పనిచేసే చోటును బట్టి పడుతుంది. చించోళిలో ఇల్లున్న మనిషి తాండూరు మిల్లులో పనిచేస్తే తెలంగాణ రేటు. కర్ణాటకలో 2023 ఏప్రిల్ నుంచి నెలకు 25,000 లోపు జీతానికి పన్ను తీసేశారు. ఆ పైన నెలకు 200, 2025 నుంచి ఫిబ్రవరి నెలకు 300. అలా ఏడాదికి సరిగ్గా 2,500 అవుతుంది. ఇరవై రెండు వేల జీతగాడు సరిహద్దుకు ఇవతల 2,400 కడితే అవతల ఏమీ కట్టడు. రెండు రాష్ట్రాల్లోనూ యూనిట్లున్న వ్యాపారి రెండు చోట్లా వేర్వేరుగా నమోదు చేసుకోవాలి. తమిళనాడు, కేరళల్లో ఈ పన్నును ఇప్పటికీ స్థానిక సంస్థలే ఆరు నెలలకోసారి వసూలు చేస్తాయి. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హరియాణాల్లో అసలు లేదు.

అమెరికాలో వ్యాపారం పెట్టిన తెలుగువారికి ఇలాంటి నమోదు ఇంకా బరువుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒక త్రైమాసికంలో వంద డాలర్లు దాటి జీతాలిచ్చిన యజమాని 15 రోజుల్లోగా అక్కడి ఉపాధి శాఖలో నమోదు కావాలి. నిరుద్యోగ బీమా, ఉపాధి శిక్షణ పన్నులు యజమాని తన డబ్బుతో కట్టాలి. వైకల్య బీమా, రాష్ట్ర ఆదాయపు పన్ను ఉద్యోగి జీతంలోంచి కోయాలి. టెక్సాస్‌లో జీతాల మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా నిరుద్యోగ బీమా పన్ను తప్పదు. మన వృత్తి పన్నులో యజమాని సొంత వాటా అంటూ ఉండదు. బదులుగా ఉద్యోగి ఉపాధి పోయినప్పుడు దీన్నుంచి అతనికి వచ్చేదీ ఏమీ ఉండదు.

నమోదు రద్దు

బండల వ్యాపారంలో యూనిట్లు మూతపడటం, చేతులు మారడం మామూలే. అలాంటప్పుడు యంత్రాలు అమ్మేసి తాళం వేసుకుని వెళ్లడం సరిపోదు. వాణిజ్య పన్నుల శాఖకు తెలియజేసి, అప్పటిదాకా ఉన్న బకాయిలు తీర్చి, ధ్రువపత్రం రద్దు చేయించుకోవాలి. రద్దు కానంతవరకు శాఖ దృష్టిలో ఆ యజమాని నడుస్తున్నట్టే లెక్క. రిటర్నులు ఎందుకు వేయలేదన్న తాఖీదులు పాత చిరునామాకు వెళ్తూనే ఉంటాయి. యూనిట్ కొన్నవారు అమ్మినవారి పీటీఐఎన్‌తో పన్ను కట్టకూడదు. తమ పేరున కొత్తగా నమోదు చేసుకోవాలి. కొనేముందు పాత యజమాని వృత్తి పన్ను చలానాలు అడిగి చూడటం మంచిది. అవి లేకపోతే జీతాల రిజిస్టరు కూడా సరిగ్గా లేదని అనుమానించాల్సిందే.